కంకిపాడు మీద దిగిన కొండపల్లి సైన్యం

మొన్న బెజవాడ బస్టాండులో బందరు బస్సు కోసం నిలబడి ఉంటే, పోలీసులు వచ్చి మమ్మల్నందరినీ వెనక్కి తోసి అడ్డంగా తాడు కట్టారు. బెంచీ కింద ఎవరిదో తెలియని అట్టపెట్టె ఒకటి ఉంది. దాని మీద ఎర్ర అక్షరాలతో "తెరిచారో, ఇక మీ పని అయిపోయినట్టే!" అని రాసి ఉంది. కుక్క వచ్చి వాసన చూసింది. ఒంటినిండా పరుపులు చుట్టుకున్నట్టున్న ఒకాయన వచ్చి, మేమంతా ఊపిరి బిగబట్టి చూస్తుండగా, పెట్టె తెరిచాడు. లోపల కారప్పూస పొట్లాలు ఉన్నాయి. కొత్తగా పెట్టిన ఏదో పిండివంటల కంపెనీ వాళ్ళ ప్రచారమట అది.

జనం గొల్లుమన్నారు. నా పక్కనున్నాయన ఫోనులో వీడియో తీస్తూ, "కారప్పూసకి కుక్కని తెచ్చారండీ! మనవాళ్ళది మరీ ఓవరాక్షన్ కాదంటారా?" అని అడిగాడు. నేను అవుననలేదు, కాదనలేదు. అప్పటికే నాకు మా పాత పబ్లిసిటీ గారు గుర్తొచ్చేశాడు. ఆయనే ఆ బస్టాండులో ఉంటే పోలీసుల వంక చూసేవాడు కాదు, కుక్క వంకా చూసేవాడు కాదు. పెట్టె మీది అక్షరాలు చదివి, "ఎవడోయ్ రాసింది? చెయ్యి తిరిగినవాడే!" అని మెచ్చుకుని ఉండేవాడు.

ఆయనకి పేరు లేకపోలేదు. తల్లిదండ్రులు శుభ్రంగా బారసాల చేసి పెట్టారు. గాంధీనగరంలో దాన్ని ఎవరూ వాడలేదు, అంతే. అందరికీ ఆయన పబ్లిసిటీ గారు. పాలు పోసే ఆవిడ కూడా "పబ్లిసిటీ గారింటి పక్క సందు" అనే గుర్తు చెప్పేది. నేను అప్పట్లో అక్కడ ఒక సినిమా పంపిణీ కంపెనీలో గుమాస్తాని. ఫిలిం డబ్బాలు ఏ రైలుకి ఏ ఊరు వెళ్ళాలో చూడటం నా పని. డబ్బా వెళ్ళేలోపు ఆ సినిమాని ఆ ఊరి జనం నోళ్ళలో పడెయ్యడం ఆయన పని.

మనిషి పొట్టి, మెడ మాత్రం పొడుగు. గోడలు చూసి చూసి సాగిందని మా ప్రొప్రైటరు గారు వేళాకోళం చేసేవాడు. నిజంగానే ఆయన రోడ్డు మీద నడిచేటప్పుడు రోడ్డుని చూసేవాడు కాదు. ఒకసారి ఏలూరు రోడ్డులో సైకిలు గుద్ది కింద పడ్డాడు. అయ్యో అయ్యో అంటూ నలుగురూ లేపబోతే, పడినచోటు నుంచే ఎదురుగోడ చూపించి, "ఆ పోస్టరు వంకరగా అంటించారోయ్, హీరో పడిపోయేట్టున్నాడు!" అని కేకేశాడు. ఆయన మోకాలు చిట్లి రక్తం కారుతోంది.

పోస్టర్లు అంటించే మైదా జిగురు ఆయనే దగ్గరుండి కాయించేవాడు. ఆవులు కాగితం తినకుండా అందులో కాస్త మైలుతుత్తం కలిపించేవాడు. అయినా గవర్నరుపేటలో ఒక ఆవు మాత్రం ఆయనకి పగబట్టిన శత్రువు. హీరోని ముట్టుకునేది కాదు, హీరోయిన్ని ముట్టుకునేది కాదు. ఏ హాల్లో ఆడుతోందో రాసి ఉన్న కింది ముక్క ఒక్కటే చప్పరించి పోయేది. "దీనికెవడో అవతలి కంపెనీవాడు ట్రైనింగిచ్చాడోయ్" అనేవాడు. నవ్వుతూ అనేవాడు కాదు. ఒక రోజంతా పనులు మానుకుని ఆ ఆవు వెనకే తిరిగి, దాని యజమాని ఎవరో, ఆయన ఏ కంపెనీకి పాలు పోస్తాడో కనుక్కుని వచ్చాడు. పోలీసుల అనుమానాన్ని తిట్టిపోసేటప్పుడు నాకు ఈ ఆవు గుర్తుకొచ్చి కాస్త వెనక్కి తగ్గుతుంటాను.

ఆయన ప్రచారం చేసిన సినిమా ఒక్కటి కూడా ఆయన చూడలేదు. పాసు ఇచ్చినా వెళ్ళేవాడు కాదు. ఎందుకండీ అని అడిగితే, "చూస్తే నిజం తెలిసిపోతుందోయ్. తర్వాత మైకు పట్టుకోవడం కష్టం" అన్నాడు.

ఒక కుటుంబకథా చిత్రానికి ఆయన చేసిన నిర్వాకం చెప్తాను. నాటకాల్లో వేషాలేసే ఒకాయన్నీ ఒకావిడనీ భార్యాభర్తల్లా ఏలూరు బస్సెక్కించాడు. గన్నవరం దాటగానే ఇద్దరూ పోట్లాట మొదలుపెట్టాలి. అత్తగారు, నగలు, అనుమానం అన్నీ వరసగా రావాలి. హనుమాన్ జంక్షన్ వచ్చేసరికి ఆవిడ, "అయితే ఆ రోజు గదిలో ఉన్నదెవరు?" అని బస్సంతా దద్దరిల్లేలా అడగాలి. ఆయన జవాబు చెప్పకుండా దిగిపోవాలి. వెనకే ఆవిడ కూడా దిగిపోతూ, సీటు మీద కరపత్రాలు వదిలెయ్యాలి. గదిలో ఉన్నదెవరో తెలుసుకోవాలంటే ఫలానా హాలుకి వెళ్ళాలన్నమాట.

కొన్నాళ్ళు బాగానే జరిగింది. తర్వాత ఒకరోజు ఆ బస్సులో ఒక పెద్దావిడ తగిలింది. జంక్షన్లో వీళ్ళు దిగబోతుంటే ఆవిడ కూడా దిగి, ఇద్దరి చేతులూ పట్టుకుని, గుడి అరుగు మీద కూర్చోబెట్టి పంచాయితీ మొదలుపెట్టింది. బస్సంతా దిగి చుట్టూ చేరింది. "ఇది నాటకమండీ బాబూ!" అని ఆయన లబలబలాడితే, "కాపరాలన్నీ నాటకాలే, ముందు దాని చెయ్యి పట్టుకో" అందావిడ. క్షమాపణ చెప్పించి, కొబ్బరికాయ కొట్టించి, తిరుగు బస్సు ఎక్కించి పంపింది. ఈ కబురు వినగానే పబ్లిసిటీ గారు ఆఫీసులో గంతులేశాడు. "నమ్మారోయ్, జనం నమ్మారు!" అని అందరికీ టీలు పోయించాడు. నమ్మితే ఏమవుతుందో అప్పటికి ఆయనకి తెలియదు.

అది తెలిసింది డెబ్భై ఒకటి చివర్లో, యుద్ధం రోజుల్లో. లారీల దీపాలకి సగం నల్లరంగు, ఇళ్ళ కిటికీలకి నల్లకాగితాలు. కృష్ణ బ్యారేజీ మీద తుపాకీలతో కాపలా. సైరను మోగితే ఎవరేం చెయ్యాలో ఎవరికీ సరిగ్గా తెలియక, అందరూ బయటికి వచ్చి ఆకాశం చూస్తూ నిలబడేవారు. పల్లెల్లో దండోరా వేయించారు: పైనుంచి పారాచూట్లతో ఎవరైనా దిగితే వెంటనే మునసబుకి చెప్పాలి, మునసబు పోలీసులకి చెప్పాలి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా కంపెనీకి ఒక డబ్బింగు సినిమా తగిలింది. అందులో హీరో విమానంలోంచి పారాచూటుతో దూకి హీరోయిన్ గారి పెరట్లో పడతాడు. ఆ తర్వాత కథకీ విమానానికీ ఏ సంబంధమూ లేదు. పబ్లిసిటీ గారికి ఆ ఒక్క దూకుడూ చాలు. మర్నాడే నన్ను వెంటబెట్టుకుని ప్యాసింజరెక్కి కొండపల్లి వెళ్ళాడు.

అక్కడ ఆయనకి తెలిసిన బొమ్మల మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. ఇద్దరిదీ ఒకే ఈడు. మేస్త్రీ పొణికి కర్ర చెక్కి బొమ్మ చేస్తే, భార్య రంగులు వేసేది.

"ఎగిరే మనిషి కావాలి మేస్త్రీ" అన్నాడు పబ్లిసిటీ గారు.

"గరుత్మంతుడా అండీ?"

"కాదోయ్, మనిషే. రెండు చేతులూ పైకెత్తి తాళ్ళు పట్టుకోవాలి."

మేస్త్రీ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "చేతులెత్తి పట్టుకునేవాడంటే మా దగ్గర తాడిచెట్టెక్కే కల్లుగీత మనిషున్నాడండీ. చెట్టు తీసేస్తే సరిపోద్ది."

అలా మా హీరో తయారయ్యాడు. చెట్టు లేని కల్లుగీత మనిషి. కొండపల్లి బొమ్మకుండే పెద్ద పెద్ద కళ్ళు, మెలి తిరిగిన మీసం. ముంత తీసేశారు గానీ నడుముకి కత్తి ఉండిపోయింది. "కత్తి కూడా తీసేద్దామంటారా?" అని మేస్త్రీ అడిగితే, "ఉండనీ, హీరో కదా" అన్నాడు పబ్లిసిటీ గారు. పైన వెదురుబద్ద చుట్టూ పల్చటి మల్లు గుడ్డ కట్టి గొడుగు, దానిపైన గ్యాసు బుడగల గుత్తి. బుడగలు పైకి తీసుకెళ్తాయి, ఎండకి పగిలిపోతాయి, గొడుగు నెమ్మదిగా దించుతుంది. అదీ ఏర్పాటు. మేస్త్రీ భార్య రంగు కుంచె ఆపి, "ఇంత కష్టపడి చేసినయి గాల్లోకొదలటం ఎందుకండీ, చేతికియ్యొచ్చుగా?" అని అడిగింది. పబ్లిసిటీ గారు మురిపెంగా నవ్వాడు.

ప్రతి బొమ్మ రొమ్ము మీదా ఒకే మాట రాయించాడు: "మీ ఊళ్ళో దిగాను. శుక్రవారం కలుద్దాం."

అది చూసి మా ప్రొప్రైటరు గారు నెత్తి కొట్టుకున్నాడు. "సినిమా పేరేదయ్యా? హాలు పేరేది?"

"అవి రేపు పోస్టర్లో వస్తాయండీ. ఇవాళే చెప్పేస్తే చదివి అవతల పారేస్తారు. చెప్పకపోతే అన్నం సయించదు."

మంగళవారం పొద్దున్నే గాంధీ కొండ ఎక్కి ఓ డజను బొమ్మల్ని వదిలాం. మా లెక్క ప్రకారం అవి గవర్నరుపేట మీద, వన్‌టౌన్ మీద కాస్త తిరిగి ఎక్కడో ఇళ్ళ మీద వాలాలి. కింద గాలి మా లెక్క ప్రకారమే వీచింది. పైన గాలి మాట వినలేదు. మా సైన్యం మొత్తం బందరు రోడ్డు పట్టుకుని, బస్సు టిక్కెట్టు కొనుక్కున్నట్టు తిన్నగా కంకిపాడు వైపు వెళ్ళిపోయింది. పొణికి కర్ర తేలికే, ఇంత తేలికని మేం అనుకోలేదు. పబ్లిసిటీ గారు చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని అవి చుక్కలయ్యేదాకా చూసి, "పోనీలే, పల్లెల్లోనూ చూస్తారు" అన్నాడు.

చూశారు. కంకిపాడు అవతల ఒక ఊళ్ళో వరికోతలు సాగుతున్నాయి. మా డెల్టాలో కోత కోశాక పొలాల్లో కంటికి అడ్డేమీ ఉండదు, ఆకాశంలో దూరం కొలుచుకోవడానికి ఆసరా ఏదీ ఉండదు. దగ్గరున్న జానెడు బొమ్మా, ఆమడ దూరంలో ఉన్న నిలువెత్తు మనిషీ కంటికి ఒకటే. అందులోనూ దండోరా విని ఉన్న కళ్ళు. ఒక రైతు నడుమెత్తి పైకి చూశాడు. "దిగుతన్నార్రోయ్!" అని ఒక్క కేక పెట్టాడు. కోతవాళ్ళు కొడవళ్ళు పట్టుకునే పరిగెత్తారు. పారిపోలేదు, దిగేచోటికి పరిగెత్తారు. ఈ సంగతి నేను ఎవరికి చెప్పినా నొక్కి చెప్తాను.

మునసబు సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి ఫోను చేయించాడు. కాసేపటికి జీపులు, లారీలు, పెద్ద పోలీసు అధికారి డీయస్పీ గారు అందరూ దిగారు. ఊరు చుట్టూ వలయం కట్టారు. అప్పటికి ఒక బొమ్మ దూరంగా వరికుప్ప మీద వాలి ఉంది. గొడుగు గాలికి లేస్తోంది, దాని కింద మీసమున్న మొహం సగం కనపడుతోంది. కుప్పలో మనిషి దాక్కుని తొంగి చూస్తున్నాడనుకున్నారు. డీయస్పీ గారు గట్టు చాటున కూర్చుని మైకులో గర్జించాడు.

"చేతులు పైకెత్తు!"

అది అప్పటికే ఎత్తి ఉంది.

"లొంగిపోతున్నాడు సార్" అన్నాడట ఒక కానిస్టేబులు. అయినా ఎవరూ దగ్గరికి వెళ్ళలేదు. చివరికి ఆ కుప్ప ఎవరిదో ఆ రైతే, తన వడ్లు తొక్కుతారన్న భయంతో వెళ్ళి, బొమ్మని కాలు పట్టుకుని ఎత్తి, "ఇది మనోడేనండీ, కొండపల్లోడు" అన్నాడు. అక్కడికి అందరూ నవ్వుకుని ఇళ్ళకి పోయి ఉంటే ఈ కథ నవ్వులాటగానే ముగిసేది. కానీ డీయస్పీ గారు బొమ్మని తీసుకుని రొమ్ము మీది మాట చదివాడు. నడుముకున్న కత్తి చూశాడు. ఆయన ముఖం గంటు పెట్టుకున్నాడు. మనుషులు దిగారని పైవాళ్ళకి అప్పటికే చెప్పేసి ఉన్నాడాయన. సాయంత్రానికల్లా కొండపల్లికి జీపు వెళ్ళింది. ఆ మీసం ఏ మేస్త్రీ చేతిదో కొండపల్లిలో చిన్న పిల్లల్ని అడిగినా చెప్తారు. మేస్త్రీని తెచ్చి లోపల కూర్చోబెట్టారు. యుద్ధకాలపు చట్టం కింద పెడితే ఎప్పుడు వదులుతారో ఎవరికీ తెలియదన్నారు.

బెజవాడ ఊగిపోయింది. కాఫీ హోటళ్ళలో బల్లబల్లకీ ఒక సైన్యం దిగింది. శుక్రవారం ఏం జరుగుతుందని అందరూ అందర్నీ అడుగుతున్నారు. మా ప్రొప్రైటరు గారు ఆఫీసు తలుపులు మూసి, భయం, ఆనందం రెండూ ముఖం మీద కలగాపులగమైపోగా, "ఎవరూ నోరు మెదపకండి. శుక్రవారం పొద్దున పోస్టర్లు వేద్దాం. హాలు గోడలు కూలతయ్యి!" అన్నాడు.

"మేస్త్రీ లోపలున్నాడండీ" అన్నాడు పబ్లిసిటీ గారు.

"శుక్రవారం దాకానేగా?"

పబ్లిసిటీ గారు కండువా భుజాన వేసుకుని లేచాడు. నేను వెనకే వెళ్ళాను. నాకు ధైర్యం ఉండి కాదు, ఆయన రోడ్డు చూసుకోడు కాబట్టి.

డీయస్పీ గారి బల్ల మీద మా హీరో రెండు ముక్కలై పడి ఉన్నాడు. లోపల ఏమైనా దాచారేమోనని గొడ్డలితో చీల్చారట. పబ్లిసిటీ గారు నమస్కారం పెట్టి, "అయ్యా, ఆ బొమ్మలు నావి. సినిమా ప్రచారానికి నేనే వదిలాను. మేస్త్రీకేం తెలియదు" అన్నాడు.

డీయస్పీ గారు రెండు ముక్కలూ దగ్గరికి చేర్చి చూశాడు. "సినిమా పేరేది? హాలు పేరేది? నేనూ సినిమాలు చూస్తానయ్యా. పేరు లేని ప్రచారం ఎక్కడన్నా ఉంటదా?"

"పేరు తర్వాత చెప్తామండీ. మొదటి రోజు చెప్పకూడదు. జనం అడగాలి."

"అడిగారుగా! మునసబు అడిగాడు, కలెక్టరు గారడిగారు, హైదరాబాదు వాళ్ళడిగారు. ఏం చెప్పమంటావు? చెట్టు లేని కల్లుగీత మనిషి దిగాడని చెప్పనా?"

నాకు నవ్వొచ్చి దగ్గాను. డీయస్పీ గారు నా వంక చూశాడు. ఈసారి నిజంగానే దగ్గొచ్చింది.

ఆయన చెడ్డవాడు కాదు. కుర్చీలో వెనక్కి వాలి, "నవ్వేవాళ్ళకేం, నవ్వుతారు. నిన్న నేను వెళ్ళకుండా ఇక్కడే కూర్చుంటే, అది నిజమే అయితే? బొమ్మకోసం పరిగెత్తినోడు వెధవ అవుతాడు, అంతే. పరిగెత్తనోడి వల్ల ఊళ్ళకి ఊళ్ళే పోతయ్యి" అన్నాడు.

"మీరు పరిగెత్తినందుకు నేను నవ్వనండీ" అన్నాడు పబ్లిసిటీ గారు. "మీ కుర్చీలో నేనున్నా పరిగెత్తేవాణ్ణే. కానీ దగ్గరికెళ్ళి చూశారుగా. బొమ్మ అని తెలిసిందిగా. తెలిశాక కూడా మనిషిని ఎందుకు తెచ్చారండీ?"

ఇన్నేళ్ళలో ఈ విషయం మీద ఇంతకంటే సూటి ప్రశ్న నేను వినలేదు. భయపడి పరిగెత్తడం అతి కాదు. బొమ్మ అని తెలిశాక వెనక్కి రావడానికి సిగ్గుపడటం అతి. బస్టాండులో నా పక్కనున్నాయనకి నేను చెప్పాల్సిన జవాబు ఇది. అప్పటికి బస్సొచ్చేసింది.

డీయస్పీ గారు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. తర్వాత గొంతు తగ్గించి నిజం చెప్పాడు. "మనుషులు దిగారని చెప్పేశాను. ఇప్పుడు బొమ్మలంటే నా టోపీ ఎగిరిపోద్ది. ఎవణ్ణో ఒకణ్ణి పట్టుకున్నామని ఉండాలి. నువ్వూ వచ్చావుగా, ఆయన పక్కనే కూర్చో."

నేను గుమ్మం వైపు చూశాను. పబ్లిసిటీ గారు మాత్రం మెడ సాచి, వంకరగా అంటిన పోస్టరుని చూసినట్టు డీయస్పీ గారిని అటూ ఇటూ చూశాడు.

"అయ్యా, మీకు కావలసింది ముద్దాయి కాదు. పబ్లిసిటీ."

"ఏంటీ?"

"ఇది రిహార్సల్ అనండి. ప్రజలు అప్రమత్తంగా ఉన్నారా లేదా అని పోలీసు వారే బొమ్మల్ని వదిలి చూశారనండి. రైతులు క్షణాల్లో కనిపెట్టారు, మునసబు ఫోను చేశాడు, మీరు రెక్కలు కట్టుకుని వాలారు. ఎక్కడండీ తప్పు? రిహార్సల్ అంటే ఇంత బాగా ఎక్కడైనా జరుగుద్దా? బొమ్మలు చేసిచ్చినందుకు మేస్త్రీకి నాలుగు మంచిమాటలు చెప్పి ఇంటికి పంపండి."

డీయస్పీ గారి మీసం కింద ఏదో కదిలింది. "మరి సినిమా మాట?"

"ఏ సినిమా అండీ?" అన్నాడు పబ్లిసిటీ గారు.

ఒప్పందం కుదిరింది. కానీ డీయస్పీ గారు అంత తేలికగా నమ్మే రకం కాదు. ఊరంతా ఈ మాట నువ్వే చాటాలన్నాడు. జనం నమ్మితే సాయంత్రం మేస్త్రీ ఇంటికెళ్తాడు, సినిమా అన్న మాట ఒక్కటి బయటికొచ్చినా ముగ్గురూ లోపలే అన్నాడు. మెట్లు దిగుతూ పబ్లిసిటీ గారు రెయిలింగు పట్టుకుని ఆగిపోయాడు. "జిల్లా మొత్తం ఆకాశం చూసిందోయ్. ఇలాంటిది మళ్ళీ జన్మలో జరగదు. దాన్ని నా నోటితో నేనే కాదనాలి" అన్నాడు. ఆయన కళ్ళనిండా నీళ్ళు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

మధ్యాహ్నం జట్కాకి మైకు కట్టించి బయల్దేరాడు. వెనక కాస్త దూరంలో డీయస్పీ గారి జీపు. "మహాజనులారా! నిన్న మీరు ఆకాశంలో చూసినవి శత్రువులు కావు... పోలీసు వారి రిహార్సల్... ఘనవిజయం..." చెప్తున్నది ప్రభుత్వ ప్రకటనే గానీ, గొంతు ఇరవై ఏళ్ళుగా ఊరికి అలవాటైన సినిమా గొంతు. బీసెంటు రోడ్డు మొగలో ఒక బట్టల కొట్టాయన బయటికొచ్చి, "ఏ హాల్లో అండీ?" అని అడిగాడు. పక్క కొట్టు మెట్ల మీదనుంచి ఇంకొకరు, "రోజుకెన్ని ఆటలు?" అన్నారు. రిక్షావాళ్ళు జట్కా చుట్టూ మూగారు. "చెప్పండి పబ్లిసిటీ గారూ, పారాచూటు బొమ్మ ఏ హాలు?"

జీపు దగ్గరికొచ్చి ఆగింది. డీయస్పీ గారు ముందుకి వంగి చూస్తున్నాడు. అంతమంది ఒకేసారి అలా అడగడం ఆ వృత్తిలో ఎవరికీ దక్కని వైభవం. పబ్లిసిటీ గారు మైకు చేత్తో పట్టుకుని, పెదవులు తడుపుకుని, ఆ జనాన్ని తృప్తిగా ఒక్కసారి చూసుకున్నాడు. అప్పుడు ఆయన మైకు ఆపేసి, మామూలు గొంతుతో, "హాలు లేదు బాబూ. సినిమా కాదు. పోలీసు వారిదే" అన్నాడు. అంత నీరసంగా ఆయన మాట్లాడటం ఊరు ఎప్పుడూ వినలేదు. అందుకే నమ్మింది. "ఓస్, ఇంతేనా!" అనుకుంటూ జనం చెదిరిపోయారు. జీపు వెనక్కి తిరిగింది.

తర్వాత డీయస్పీ గారికి పైనుంచి మెప్పు వచ్చిందని విన్నాం. మునసబుకి శాలువా కప్పారు. మా పోస్టర్లలో పారాచూటు ఉన్నచోటల్లా గులాబీ పువ్వు బొమ్మ అంటించి, శుక్రవారం సినిమా విడుదల చేశాం. వచ్చేవారానికి హాలువాడు డబ్బాలు వెనక్కి పంపేశాడు. మా ప్రొప్రైటరు గారు నెల రోజులు మాతో మాట్లాడలేదు.

ఆ సాయంత్రం మాత్రం మేస్త్రీని వదిలారు. నలిగిన చొక్కాతో, మాసిన గడ్డంతో బయటికొచ్చాడు. పబ్లిసిటీ గారు ఆయన రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ముగ్గురం ప్యాసింజరెక్కాం. రైల్లో ఎవరు ఎవరికి క్షమాపణ చెప్పారో నాకు గుర్తులేదు. కాసేపటికి వాళ్ళిద్దరూ, చేతులెత్తమంటే ఎత్తే ఉన్న బొమ్మ సంగతి చెప్పుకుని, కడుపు పట్టుకుని నవ్వడం గుర్తుంది.

కొండపల్లిలో మేస్త్రీ భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. భర్తని నిలువెల్లా చూసి, చెయ్యి పట్టి లోపలికి పంపి, కాళ్ళకి నీళ్ళిచ్చి, మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది. పబ్లిసిటీ గారు తల దించుకుని, "తప్పయిపోయిందమ్మా" అన్నాడు.

"మీ మీద నాకు కోపం లేదండీ" అందావిడ. "రాత్రంతా ఏడ్చాను. ఈయన కూడా ఏడుస్తా వస్తాడనుకున్నా. చూస్తే సందు మొదట్నించీ మీతో నవ్వుకుంటా వచ్చాడు. అదే నా భయం. ఈయన చేసిన బొమ్మని జిల్లా అంతా తలెత్తి చూసిందంట. మీరు మళ్ళీ అడిగితే మళ్ళీ చేస్తాడు. ఇంకెప్పుడూ ఎగిరేవి అడగనని నాకు మాటివ్వండి."

పబ్లిసిటీ గారు కళ్ళు తుడుచుకున్నాడు. "అడగనమ్మా. నా పిల్లల మీద ఒట్టు." మనస్ఫూర్తిగానే అన్నాడు. పక్కనే ఉన్నాను కాబట్టి నేను సాక్ష్యం చెప్పగలను.

లోపల్నించి చెంబు కింద పెట్టిన చప్పుడు, దాని వెనకే మేస్త్రీ గొంతు వినపడ్డాయి. "గొడుగు కాస్త తగ్గిస్తే అంత దూరం పోవండీ! ఊళ్ళోనే దిగుతయ్యి!"

పబ్లిసిటీ గారి మెడ నిటారుగా లేచింది. "ఎంత తగ్గించాలంటావ్ మేస్త్రీ?"

ఆవిడ మా ఇద్దరి మొహాల మీదా తలుపు వేసేసింది.